ఏ పని ముందు? ఏ పని తర్వాత?



ఈ రోజు మాటలు ఒక ఉద్యోగం గురించి. ఆ ఉద్యోగం పేరు చాలామంది విని ఉండరు. కానీ ఆ పని జరగని ఇల్లు మాత్రం లేదు.

ఒక ఇంట్లో పెళ్లి కుదిరింది అనుకోండి. ముహూర్తం పెట్టేశారు. ఇంకా నెల రోజులే ఉంది. ఆ ఇంటి పెద్దావిడ ఏం చేస్తుంది? వేళ్ల మీద లెక్క పెడుతుంది. శుభలేఖలు అచ్చయితే గానీ పిలుపులకు వెళ్లలేరు. బట్టలు కొంటే గానీ దర్జీకి ఇవ్వలేరు. దర్జీ పది రోజులు అడుగుతాడు. గోడలకు సున్నం వేయాలి. ఆ తర్వాతే పందిరి వేయాలి. ఏది ముందో, ఏది తర్వాతో ఆమెకు తెలుసు. ఏ పని ఆగితే ముహూర్తానికి ఇబ్బందో తెలుసు. ఏ పని రెండు రోజులు ఆగినా ఫరవాలేదో, అదీ తెలుసు.

వరి పండించే రైతు సంగతీ అంతే. నారు పోసిన 25, 30 రోజులకు నాట్లు వేయాలి. ఆ లోపల మడి దున్నాలి. దమ్ము చేయాలి. కూలీలను మాట్లాడుకోవాలి. మడి సిద్ధం కాకపోతే నారు ముదిరిపోతుంది. నారు ముదిరితే పంట తగ్గుతుంది.

ఇదే పనిని జీతం తీసుకుని చేసేవాళ్లు ఉన్నారు. ఎక్కడ? పెద్ద పెద్ద కట్టడాల దగ్గర. పది అంతస్తుల మేడలు, వంతెనలు, మెట్రో రైలు దారులు, ఆనకట్టలు కట్టే చోట. వాళ్లను ప్లానింగ్ ఇంజనీరు అంటారు. కొన్ని కంపెనీల్లో షెడ్యూలర్ అంటారు. ఆయన ఇటుక మోయడు. తాపీ పట్టడు. కంబి వంచడు. ఏ పని ఏ రోజు మొదలవ్వాలో, ఏ రోజు అయిపోవాలో రాస్తాడు. అలా రాసిన కాగితమే పనుల పట్టీ.

ఈ ఉద్యోగం మంచిదా? చెడ్డదా? ఊళ్లలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఈ పనిలోకి వెళ్తున్నారు. ఆ పట్టీ ప్రకారం పని చేసే కూలీలు, మేస్త్రీలు కూడా ఈ ఊళ్ల నుంచే వెళ్తున్నారు. అందుకని ఈ సంగతి ఇద్దరికీ తెలియాలి.

పట్టీ ఎలా తయారవుతుంది?

ఒక చిన్న ఇల్లు తీసుకోండి. స్లాబు పోశారు. ఇంకా ఏమేం పనులున్నాయి?

స్లాబు కింద కర్రలు, జాకీలు 14 రోజులు ఉంచాలి. అవి తీశాక లోపల ప్లాస్టరింగు. దానికి 10 రోజులు. తర్వాత కింద బండలు పరచడం. దానికి 6 రోజులు. ఆ తర్వాత తలుపులు బిగించి రంగులు వేయడం. దానికి 8 రోజులు. అన్నీ కలిపితే ఎంత? 14, 10, 6, 8. మొత్తం 38 రోజులు.

ఇక తలుపులున్నాయి. వడ్రంగి తన దుకాణంలో వాటిని చేస్తాడు. ఆయనకు 20 రోజులు కావాలి. స్లాబు పోసిన రోజే ఆయన పని మొదలుపెట్టాడు అనుకోండి. తలుపులు ఎప్పుడు కావాలి? బండలు పరిచాక కావాలి. అంటే 30 రోజుల తర్వాత. వడ్రంగి 20 రోజుల్లో ఇస్తాడు. ఇంకా 10 రోజుల వెసులుబాటు ఉంది.

ఇప్పుడు చూడండి. వడ్రంగి 5 రోజులు ఆలస్యం చేశాడు. ఇల్లు ఆలస్యం అవుతుందా? కాదు. ప్లాస్టరింగు వాళ్లు 5 రోజులు ఆలస్యం చేశారు. ఇల్లు ఆలస్యం అవుతుందా? అవుతుంది. సరిగ్గా 5 రోజులు అవుతుంది.

ఒకే 5 రోజులు. ఒక చోట నష్టం లేదు. ఇంకో చోట నష్టం ఉంది. ఎందుకని? ప్లాస్టరింగు అన్నిటికంటే పొడవైన గొలుసులో ఉంది. ఆ గొలుసులో ఏ లంకె ఆగినా మొత్తం పని ఆగుతుంది. ఆ గొలుసును ఇంజనీర్లు క్రిటికల్ పాత్ అంటారు. కీలకమైన దారి అన్నమాట.

ఇంటికి అయిదారు పనులే. పెద్ద కట్టడానికి వేల పనులు ఉంటాయి. ఆ వేల పనుల్లో కీలకమైన దారి ఏదో కనిపెట్టాలి. దాన్ని రోజూ కాపలా కాయాలి. ఇదే ఈ ఉద్యోగం.

ఈ లెక్క ఎక్కడిది?

అమెరికాలో హెన్రీ గాంట్ అనే ఇంజనీరు ఉండేవాడు. వంద ఏళ్లకు పైగా అయింది. ఒక్కో పనికి ఒక్కో అడ్డగీత గీసే పద్ధతికి ఆయన పేరే వచ్చింది. గీత పొడుగ్గా ఉంటే ఎక్కువ రోజులు. పొట్టిగా ఉంటే తక్కువ రోజులు. ఇప్పటికీ దాన్ని గాంట్ చార్టు అంటారు.

1957లో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీలో కీలకమైన దారి లెక్క పుట్టింది. మోర్గన్ వాకర్, జేమ్స్ కెల్లీ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం ఇలాంటిదే ఇంకో పద్ధతి తయారు చేసింది. దాని పేరు పెర్ట్. ఇప్పుడు ఈ లెక్కలన్నీ కంప్యూటరు చేస్తుంది. ప్రైమవెరా అనే ప్రోగ్రాము ఈ పనికి బాగా వాడతారు. ఆ పేరు గల కంపెనీ 1983లో మొదలైంది. 2008లో దాన్ని ఒరాకిల్ కంపెనీ కొనుక్కుంది.

కంప్యూటరు లేని రోజుల్లో కట్టడాలు కట్టలేదా? కట్టారు. నాగార్జున సాగర్‌నే చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అది రాతి ఆనకట్ట. వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టారు. ఏటి మధ్య పని అంటే వరద రాక ముందే ఎంత వరకు లేవాలో లెక్క ఉండాలి. కాగితం మీద వేసినా, నోటితో చెప్పినా అది లెక్కే.

వరుస తప్పితే

గోదావరి మీద పోలవరం పని చాలామందికి తెలుసు. అక్కడ నది అడుగున ఒక గోడ కట్టారు. నీరు కింద నుంచి ఊరి పోకుండా ఆపే గోడ అది. డయాఫ్రం గోడ అంటారు. 2018లో ఆ గోడ పూర్తయింది. వరదను పక్కకు మళ్లించడానికి ఎగువన, దిగువన మట్టి కట్టలు కావాలి. వాటిని కాఫర్ డ్యాంలు అంటారు. అవి పూర్తి కాకముందే 2019లో, 2020లో వరదలు వచ్చాయి. గోడ కొన్ని చోట్ల దెబ్బతింది. చివరికి 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు. ఒక పని అయిపోయింది. దానికి కాపలా ఉండాల్సిన పని మిగిలిపోయింది. గోదావరి ఎవరి కోసమూ ఆగదు గదా!

ఇంకో సంగతి. ఇది అమెరికాలో జరిగింది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో విల్లో ఐలాండ్ అనే చోటు ఉంది. అక్కడ కరెంటు తయారు చేసే కేంద్రం కడుతున్నారు. అందులో నీళ్లు చల్లార్చే పెద్ద కాంక్రీటు గోపురం ఉంది. రోజుకొక వరుస కాంక్రీటు పోస్తూ పైకి పోతున్నారు. పనివాళ్లు నిలబడే పరంజా నేల మీద నుంచి లేవలేదు. ముందు రోజుల్లో పోసిన కాంక్రీటునే అది పట్టుకుని ఉంది.

1978 ఏప్రిల్ 27. పనివాళ్లు పైకెక్కారు. ఆ రోజు పోయాల్సిన వరుస పోస్తున్నారు. ముందు రోజు పోసిన కాంక్రీటు ఇంకా బలం పట్టలేదు. చలిగా ఉంటే కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది. ఆ రోజుల్లో అక్కడ చలిగా ఉంది. పై వరుస ఊడింది. పరంజా మొత్తం ఊడి పడింది. 51 మంది చనిపోయారు. వాళ్లలో ఒకే కుటుంబం వాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత ప్రభుత్వ నిపుణులు వచ్చి చూశారు. కాంక్రీటుకు ఆ బరువు మోసే బలం అప్పటికి రాలేదని తేల్చారు.

రోజుకొక వరుస అని మనిషి అనుకున్నాడు. కాంక్రీటు ఒప్పుకోలేదు.

అందుకే ఈ ఉద్యోగం కాగితం పని అని తీసిపారేయకూడదు. ఆ కాగితం కింద మనుషులు నిలబడి ఉంటారు.

ఈ ఉద్యోగంలో మంచి ఏమిటి?

మొదటిది, నెల జీతం. అడ్డా మీద కూలీకి పని దొరికిన రోజే డబ్బు. ప్లానింగ్ ఇంజనీరుకు వాన పడినా జీతం వస్తుంది.

రెండోది, ఒళ్లు అరిగిపోని పని. ఎక్కువ సేపు నీడలో ఉంటాడు. నడుము విరగదు. ఎత్తు నుంచి పడే భయం తక్కువ. ఆడపిల్లలు కూడా ఈ పనిలో బాగా రాణించగలరు. ఇక్కడ కావాల్సింది కండ కాదు. నిదానం, లెక్క, గట్టిగా అడిగే నోరు.

మూడోది, మొత్తం కట్టడం తెలుస్తుంది. కంబి పని వాడికి కంబి తెలుస్తుంది. కరెంటు పని వాడికి వైర్లు తెలుస్తాయి. ప్లానింగ్ ఇంజనీరుకు పునాది నుంచి రంగు దాకా అన్నీ తెలియాలి. పదేళ్లు చేస్తే పెద్ద పనిని నడిపించే అనుభవం వస్తుంది. చాలామంది ఈ దారిలోనే ప్రాజెక్టు మేనేజర్లు అయ్యారు.

నాలుగోది, ఎక్కడైనా పనికొచ్చే విద్య. హైదరాబాదులో ఇదే లెక్క. బెంగుళూరులో ఇదే లెక్క. దుబాయిలో, ఖతర్‌లో కూడా ఇదే లెక్క.

అయిదోది, తగువు తీర్చే కాగితం ఆయన దగ్గరే ఉంటుంది. పెద్ద పనులకు గడువు ఉంటుంది. గడువు దాటితే రోజుకు ఇంత అని జరిమానా ఉంటుంది. ఆలస్యం ఎవరి వల్ల? స్థలం ఇవ్వడంలో ఆలస్యమా? నక్షా ఇవ్వడంలో ఆలస్యమా? వాన ఎన్ని రోజులు పడింది? కాంట్రాక్టరు ఎన్ని రోజులు మనుషులను పెట్టలేదు? ఇవన్నీ రోజువారీగా రాసి పెట్టిన వాడి మాటే చివరికి నిలుస్తుంది.

ఆరోది, తృప్తి. ముందు చూపుతో ఒక మాట చెబితే వందమంది పని ఆగకుండా ఉంటుంది. సిమెంటు అయిపోతుందని పది రోజుల ముందే చెప్పాడు అనుకోండి. కూలీలకు ఖాళీ రోజు ఉండదు. ఖాళీ రోజు అంటే ఎవరికి నష్టమో మీకు చెప్పనక్కర లేదు.

ఈ ఉద్యోగంలో చెడ్డ ఏమిటి?

మొదటిది, బాధ్యత ఉంది, అధికారం లేదు. ఆయన తేదీ రాస్తాడు. కానీ మనుషులను పంపేది ఇంకొకరు. సరుకు కొనేది ఇంకొకరు. డబ్బు ఇచ్చేది ఇంకొకరు. వాళ్లలో ఎవరు ఆలస్యం చేసినా అడిగేది ఈయననే. "నీ పట్టీ ఏమైంది?" అంటారు.

రెండోది, చెడ్డ కబురు చెప్పాల్సిన పని. "సార్, ఇది మార్చికి అవ్వదు. మే దాకా పడుతుంది" అని చెప్పాలి. ఆ మాట ఎవరికీ నచ్చదు. చెప్పకపోతే అబద్ధం. చెబితే తిట్లు.

మూడోది, అబద్ధం రాయమని ఒత్తిడి. ఇది అన్నిటికంటే పెద్దది. "అయిపోయినట్టు చూపించు. బిల్లు రావాలి" అంటారు. "ఆ తేదీ కాస్త వెనక్కి జరుపు" అంటారు. "14 రోజులు ఎందుకు? 9 అని రాయి" అంటారు. ఉద్యోగం పోతుందనే భయంతో కొందరు రాసేస్తారు. కంప్యూటరు దేన్నయినా ఒప్పుకుంటుంది. 9 అని కొడితే 9 అని చూపిస్తుంది. కాంక్రీటు అలా ఒప్పుకోదు.

నాలుగోది, ఇంటికి దూరం. పెద్ద పనులు ఊరి బయట ఉంటాయి. కొండల్లో, అడవుల్లో, పరాయి రాష్ట్రాల్లో ఉంటాయి. క్యాంపులో ఉండాలి. పిల్లల చదువు ఒక చోట, నాన్న ఒక చోట. ఆ పని అయిపోయాక ఇంకో పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవాలి. దొరకకపోతే ఇంట్లో కూర్చోవాలి.

అయిదోది, నెలాఖరు. నెలకోసారి పై వాళ్లకు లెక్క పంపాలి. ఎంత పని అయింది? ఎంత మిగిలింది? ఆ నాలుగు రోజులు రాత్రీ పగలూ తేడా ఉండదు. రోజంతా కుర్చీలో కూర్చుంటే నడుము నొప్పి. తెర చూసి చూసి కళ్లు మంట.

ఆరోది, పని జరిగే చోటికి దూరం అయ్యే ప్రమాదం. ఆఫీసు గదిలో కూర్చుని రాస్తూ రాస్తూ ఇటుక బరువు మరిచిపోతారు. మూడు రోజుల పనికి ఒక రోజు వేసేస్తారు. ఎండలో పని చేసేవాడికే ఆ తేడా తెలుస్తుంది.

పిల్లరు మీద తేదీ

ఈ మంచీ చెడ్డా రెండూ ఒకే రోజు ఎలా కనపడతాయో చూడండి. ఇలా జరిగింది అనుకోండి.

ఒక పట్నంలో హాస్టలు భవనం కడుతున్నారు. మొదటి అంతస్తు స్లాబు నాలుగో తేదీన పోశారు. అందులో ఎనిమిది చిన్న గదులు, ఒక పెద్ద భోజనాల హాలు. పాలమూరు నుంచి వచ్చిన ఒక ఆమె రోజూ స్లాబుకు నీళ్లు కొడుతుంది. రాత్రి బడిలో ఆమె కొత్తగా చదువు నేర్చుకుంది. పేర్లు చదువుతుంది. అంకెలు బాగా చదువుతుంది. కాంక్రీటు పోసిన తేదీని పిల్లరు మీద రంగుతో రాస్తారు. ఆమె రోజూ ఆ తేదీ చూస్తుంది.

పన్నెండో తేదీ పొద్దున సెంట్రింగు వాళ్లు వచ్చారు. హాలు కింద కర్రలు విప్పడానికి సిద్ధమయ్యారు.

ఆమె ఆగింది. పైపు కింద పెట్టింది.

"మేస్త్రన్నా! ఈ హాలు నాలుగో తారీకు గదా పోసింది? ఇయ్యాల పన్నెండు. ఎనిమిది దినాలే అయింది. కింది హాలుకు పద్నాలుగు దినాలు ఆపినం గదా?"

మేస్త్రి చేతిలో కాగితం ఉంది. "ఏమో అక్కా. పట్టీలో ఏడు రోజులనే ఉంది. ఆఫీసులో సారు రాశాడు. మనకెందుకు?"

"మనకెందుకు అంటవేందన్నా? దాని కింద ఉండేది మనమే గదా!"

మేస్త్రి ఒక నిమిషం పైకి చూశాడు. సెంట్రింగు వాళ్లను ఆగమన్నాడు. ఆఫీసుకు ఫోను చేశాడు.

ప్లానింగ్ ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు. కాలేజీ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. జేబులోంచి టేపు తీశాడు. గోడ నుంచి గోడకు పట్టుకుని చిన్న గది కొలిచాడు. మూడున్నర మీటర్లు. హాలు కొలిచాడు. అయిదు మీటర్లు.

ఆయన ముఖం మారిపోయింది.

లెక్క ఇది. ఐ.ఎస్. 456 అని కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఉంది. మామూలు సిమెంటుతో పోసిన స్లాబు ఎడం నాలుగున్నర మీటర్ల లోపు అయితే కింది ఊతాలు 7 రోజులు ఉంచాలి. నాలుగున్నర మీటర్లు దాటితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లు దాటిన బీముల కింద అయితే 21 రోజులు ఉంచాలి. చలి ఎక్కువగా ఉన్నా, బూడిద కలిసిన సిమెంటు వాడినా ఇంకా ఎక్కువ రోజులు కావాల్సి రావచ్చు. ఈ ఇంజనీరు హాలును విడిగా చూడలేదు. అన్ని గదులకూ కలిపి 7 అని ఒకటే అంకె వేశాడు.

"అక్కా, తప్పు నాదే" అన్నాడు. "హాలు 18 దాకా కదిలించకూడదు."

సెంట్రింగు ముఠా పెద్ద ముందుకొచ్చాడు. "బాగానే ఉంది సార్. ఎనిమిది మందిమి వచ్చాం. ఇప్పుడు వెనక్కి పొమ్మంటే మా కూలీ ఎవరిస్తారు?"

సరైన ప్రశ్నే. తేదీ తప్పు రాసింది ఒకరు. రోజు కూలీ పోయేది ఇంకొకరికి.

ఇంజనీరు ఆలోచించాడు. "వెనక్కి పోవద్దన్నా. చిన్న గదులు మూడున్నర మీటర్లే. వాటికి 7 రోజులు నిండాయి. ఈ రోజు అవి విప్పండి" అన్నాడు.

పని ఆగలేదు. కూలీ పోలేదు.

ఆయన ఆఫీసుకు పోయి పట్టీ తీశాడు. అందులో ముందు హాలు ప్లాస్టరింగు, తర్వాత గదులు అని ఉంది. దాన్ని తిరగేశాడు. ముందు గదులు, తర్వాత హాలు. ఎనిమిది గదుల ప్లాస్టరింగుకు 7 రోజులు పడుతుంది. పదమూడున మొదలుపెడితే పంతొమ్మిదికి అవుతుంది. పంతొమ్మిదిన హాలు కర్రలు విప్పవచ్చు. ఇరవైన హాలు ప్లాస్టరింగు మొదలు. మొత్తం మీద ఎంత ఆలస్యం? ఒక్క రోజు కూడా లేదు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. "మళ్లీ పట్టీ మార్చావా? నీకు ఒక తేదీ మీద నిలకడ లేదేం?" అని కోప్పడ్డాడు. ఇంజనీరు టేపు కొలత చూపించాడు. ప్రమాణం పుస్తకంలో పేజీ చూపించాడు. మేనేజరు సంతకం పెట్టాడు గానీ, బాగా చేశావని అనలేదు.

చూశారా? ఈ ఉద్యోగంలోని చెడ్డ అంతా ఇందులో ఉంది. గదిలో కూర్చుని వేసిన ఒక్క అంకె మనుషుల మీద కూలేది. తప్పు దిద్దినందుకు తిట్లు పడ్డాయి. మంచీ ఇందులోనే ఉంది. వరుస మార్చితే కట్టడం ఆలస్యం కాలేదు. ఎనిమిది మంది కూలీ నిలిచింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

ఇంకో మాట. ఆ పట్టీని కంప్యూటరు తయారు చేసింది. చదువుకున్న ఇంజనీరు వేశాడు. తప్పు పట్టింది మాత్రం నీళ్లు కొట్టే ఆమె. ఆమెకు ఇంజనీరింగు రాదు. రెండు తేదీలు చదవడం వచ్చు. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయడం వచ్చు. నోరు విప్పి అడగడం వచ్చు.

ఎవరికి తగిన ఉద్యోగం?

మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలోకి వెళ్తామంటే ఏం చెప్పాలి?

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదవవచ్చు. ఇంటర్ తర్వాత బి.టెక్ చదవవచ్చు. తర్వాత ప్రైమవెరా లాంటి ప్రోగ్రాము నేర్చుకోవాలి. అది కొన్ని నెలల పని. హైదరాబాదులో న్యాక్ అనే శిక్షణ సంస్థ ఉంది. 1998లో మొదలైంది. నిర్మాణ పనుల్లో అక్కడ శిక్షణ ఇస్తారు.

అయితే ప్రోగ్రాము ఒక్కటే చాలదు. ముందు ఒకటి రెండేళ్లు ఎండలో నిలబడాలి. ఒక తాపీ మేస్త్రి రోజుకు ఎంత గోడ కడతాడు? మిల్లరు చెడిపోతే ఎంత సేపు పోతుంది? పండక్కి కూలీలు ఊరికి పోతే ఎన్నాళ్లకు తిరిగి వస్తారు? ఇవి కంప్యూటరులో దొరకవు. మేస్త్రిని అడగాలి. అడగడానికి సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు.

లెక్కంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఇది మంచి ఉద్యోగం. చెడ్డ కబురును మెత్తగా, గట్టిగా చెప్పగలిగేవాళ్లకు ఇంకా మంచిది. అందరి మెప్పూ కావాలనుకునేవాళ్లకు ఇది కష్టం. అయిదు గంటలకు ఇల్లు చేరాలనుకునేవాళ్లకు ఇంకా కష్టం. పై వాళ్లు ఏం రాయమంటే అది రాసేవాళ్లకు మాత్రం ఈ ఉద్యోగం అసలు ఇవ్వకూడదు.

మరి పట్టీ రాసేవాళ్లు కాదు, పట్టీ ప్రకారం పని చేసేవాళ్లు ఏం చేయాలి?

మీరు కట్టడం పనికి వెళ్తే, పనుల పట్టీ ఎక్కడ ఉందని అడగండి. తెలుగులో రాసి షెడ్డులో అతికించమని అడగండి. కాంక్రీటు పోసిన రోజు తేదీని పిల్లరు మీద రాయించండి. ఎవరూ రాయకపోతే సుద్దముక్కతో మీరే రాయండి. కర్రలు విప్పే రోజు ఆ తేదీ చదవండి. రోజులు లెక్క పెట్టండి. అనుమానం వస్తే విప్పక ముందే అడగండి.

మీ సొంత ఇల్లు కట్టుకుంటున్నా ఇదే పని చేయండి. గోడ మీద మూడు తేదీలు రాయండి. స్లాబు పోసిన తేదీ. నీళ్లు కొట్టడం ఆపే తేదీ. కర్రలు విప్పే తేదీ. మామూలు సిమెంటు అయితే కనీసం 7 రోజులు తడపాలి. బూడిద కలిసిన సిమెంటు అయితే కనీసం 10 రోజులు తడపాలి. సంచి మీద ఏ సిమెంటో రాసి ఉంటుంది. ఇప్పుడు అది మీరు చదవగలరు.

ఆ మూడు తేదీలు రాస్తే ఆ ఇంటికి పనుల పట్టీ వేసింది మీరే.

సెలవు.